వచ్చే పంటకు ఏం వేద్దాం? వనామీ, టైగర్, పండుగప్ప, పీతల్లో మీ చెరువుకు ఏది నిలబడుతుంది

కాకినాడ నుంచి నిజాంపట్నం దాకా తీరం వెంట ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఈ మధ్య ఒకటే మాట. వనామీ రొయ్యనే కొనసాగిద్దామా, మారదామా? 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరేసరికి, పదిహేనేళ్లుగా వనామీ తప్ప ఇంకో పేరెత్తని వాళ్లు కూడా పండుగప్ప చేప సీడ్ (పిల్లలు) ఎక్కడ దొరుకుతుందని వాకబు చేయడం మొదలుపెట్టారు. అడగడం మంచిదే. అయితే సుంకం పెరిగిందని జాతి మార్చి, తగ్గిందనగానే మళ్లీ పాతదానికి రావడం జూదమే అవుతుంది. సుంకాలు మన చేతిలో లేవు. చెరువు మన చేతిలో ఉంది కాబట్టి లెక్క అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఈ సలహా మూడు నాలుగు ఎకరాలు సొంతంగానో లీజుకో చేసుకునే వాళ్ల కోసం. వంద ఎకరాల వాళ్లకు కన్సల్టెంట్లు ఉంటారు, వాళ్ల గోల మనకొద్దు. చిన్న రైతుకు నేను పెట్టే కొలబద్ద ఒకటే. ఒక పంట మొత్తం పోయినా అప్పు తేకుండా మరుసటి పంట వేయగలగాలి. ఎకరానికి ఎన్ని టన్నులు దిగుతుందన్నది దాని తర్వాతి ప్రశ్న.

ముందు నీళ్లు చూడండి

జాతి పేరు అనుకునే ముందు ఏడాది పొడవునా మీ నీటి సాలినిటీ, అంటే వెయ్యి పాళ్ల నీటిలో ఎన్ని పాళ్లు ఉప్పు ఉందన్నది, ఎలా ఉంటుందో రాసుకోండి. ఒక్క రోజు కొలత ఎందుకూ పనికిరాదు. గోదావరి పాయల పక్కన చెరువుకు మే నెలలో పాతిక దాటిన ఉప్పదనం, జులై తర్వాత వరద దిగేసరికి దాదాపు చప్పనైపోతుంది. అదే చెరువులో వేసవి పంటకు ఒక జవాబు, వానాకాలం పంటకు ఇంకో జవాబు ఉండొచ్చు.

పది నుంచి పాతిక మధ్య ఉంటే వనామీకీ టైగర్ రొయ్యకీ హాయి. అయిదు లోపు పడిపోయినా వనామీ బతుకుతుంది కానీ పొటాషియం, మెగ్నీషియం బయటి నుంచి వేస్తూ ఉండాలి. భీమవరం, ఉండి వైపు బోరు నీటితో చేసేవాళ్లకు ఈ ఖర్చు తెలిసిందే. పండుగప్పకు ఈ బాధ లేదు. ఉప్పులోనూ పెరుగుతుంది, చప్పలోనూ పెరుగుతుంది.

రెండో సంగతి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి. చాలా ఊళ్లలో రెండింటికీ ఒకే మురుగు కాలువ. పై చెరువులో వైట్‌స్పాట్ (రొయ్యలను చంపే వైరస్ జబ్బు) వచ్చి రాత్రికి రాత్రి తూము ఎత్తేస్తే తెల్లారేసరికి ఆ వైరస్ కింద ఉన్న పది చెరువుల ఇంజన్లలోకి ఎక్కుతుంది. మీకు ఉన్నది నాలుగెకరాలైతే అందులో అర ఎకరమో ముప్పావు ఎకరమో నీళ్లు నిలవ పెట్టి, క్లోరిన్ కొట్టి, వారం ఆగి వాడుకోవడానికి వదలండి. స్థలం వృథా అని చాలామంది ఒప్పుకోరు. నన్నడిగితే ఈ మొత్తం వ్యాసంలో అన్నిటికన్నా లాభం తెచ్చే సలహా ఇదే. ఏ జాతి వేసినా ఇది వర్తిస్తుంది.

వనామీ: తప్పు జాతిది కాదు, పిల్లల లెక్కది

వనామీకి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే హేచరీలకు (పిల్లలను తీసే కేంద్రాలకు) ఇస్తారు. వ్యాధి లేని సీడ్, గుంపుగా పెంచినా పెరిగే గుణం, అరవై రోజులకే వంద కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) వచ్చి డబ్బు కనపడటం, ఇన్ని సుగుణాలు ఉన్నందుకే మిగతా అన్నింటినీ పక్కకు నెట్టేసింది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చదరపు మీటరుకు 60 పిల్లల దాకా అనుమతించింది. మన వాళ్లు ఆ పరిమితినే లక్ష్యం అనుకున్నారు. కొందరు దాన్ని కూడా దాటారు.

ఒక ఎకరం లెక్క వేసి చూద్దాం. చదరపు మీటరుకు 30 చొప్పున ఎకరానికి లక్షా ఇరవై వేల పిల్లలు. ఎనభై శాతం బతికి యాభై కౌంట్‌కు పడితే దగ్గర దగ్గర 1,900 కిలోలు. కిలో రొయ్యకు కిలో నాలుగు వందల గ్రాముల మేత అనుకుంటే 2,700 కిలోల మేత. అందులో 35 శాతం ప్రొటీన్, అంటే నత్రజని 150 కిలోలు. రొయ్య ఒంట్లోకి చేరి పట్టుబడితో బయటికి పోయేది సుమారు 55 కిలోలు. మిగతా 95 కిలోలు చెరువు అడుగునో నీటిలోనో ఉండిపోతుంది. ఎకరంలో యూరియా బస్తాలు నాలుగున్నర కుమ్మరించినదానికి అది సమానం. పిల్లలను రెట్టింపు చేయండి, తొమ్మిది బస్తాలు. అడుగున నల్లబురద, అమ్మోనియా, విబ్రియో బ్యాక్టీరియా అన్నీ ఇందులోంచి పుట్టేవే. చివరి నెలలో బకెట్ల కొద్దీ ప్రొబయోటిక్స్ కొట్టేది ఈ తొమ్మిది బస్తాల మీద యుద్ధానికి.

నీటికి గాలి పట్టించే ఏరేటర్ల లెక్క కూడా పిల్లల వెంటే పోతుంది. ఒక హార్స్‌పవర్ నాలుగైదు వందల కిలోల రొయ్యను మోస్తుంది. పైన చెప్పిన పంటకు నాలుగు హార్స్‌పవర్ చాలు, రెట్టింపుకు ఎనిమిది తొమ్మిది కావాలి. నాలుగు హార్స్‌పవర్ రోజుకు పదహారు గంటలు తిరిగితే సుమారు 48 యూనిట్లు. ఆక్వా రాయితీ ఉన్న కనెక్షన్‌కు యూనిట్ రూపాయిన్నర లెక్కన 72 రూపాయలు. కరెంటు పోయి అదే పని జనరేటర్‌తో చేస్తే పదహారు లీటర్ల డీజిల్, అంటే పదిహేను వందలు. తక్కువ పిల్లలున్న చెరువు రాత్రి రెండు గంటలు కరెంటు పోయినా ఓర్చుకుంటుంది. నిండుగా ఉన్న చెరువు అరగంటకే తేలిపోతుంది. గాలివాన రాత్రి జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు.

ఈక్వెడార్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1999లో వైట్‌స్పాట్ వచ్చి అక్కడి పరిశ్రమ కుప్పకూలింది. వాళ్లు పిల్లలను పెంచుకుంటూ పోలేదు. పల్చగా వేశారు, తట్టుకుని బతికిన రొయ్యల నుంచే తల్లులను ఎంచుకుంటూ వచ్చారు, నర్సరీలు పెట్టుకున్నారు. 2022లో వాళ్ల ఎగుమతి పది లక్షల టన్నులు దాటింది. మన చెరువులు చిన్నవి, నేల ఖరీదు, అక్కడిలా చదరపు మీటరుకు పదీ ఇరవై వేసి గిట్టించుకోవడం మనకు కుదరకపోవచ్చు. అయినా ధర పడిపోయిన ఏడాది తక్కువ ఖర్చుతో పండించినవాడే మిగులుతాడన్న పాఠానికి సముద్రాలు అడ్డం కావు.

ఇక ఈహెచ్‌పీ, రొయ్య పేగుల దగ్గర చేరే సూక్ష్మ పరాన్నజీవి. వైట్‌స్పాట్ వస్తే చనిపోతాయి, లెక్క తేలిపోతుంది. ఇది అలా కాదు, రొయ్య బతికే ఉంటుంది, మేత తింటుంది, పెరగదు. చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తినప్పుడు ఒకే రోజు వేసిన పిల్లల్లో వేలంత ఒకటి, అగ్గిపుల్లంత ఒకటి కనపడితే అనుమానించండి. పొద్దున్నే గాలి కొట్టే మూలకు వెళ్లి గట్టు వార చూడండి. తెల్లటి దారపు పోగుల్లా రెట్ట తేలుతుంటే, దాన్నే మన వాళ్లు వైట్‌గట్ అంటారు, మేత పూర్తిగా ఆపి ల్యాబ్‌కు సాంపిల్ పంపండి. అది తేలిన చెరువులో మరుసటి పంట వెంటనే వేయకండి. అడుగు బీటలు తీసేదాకా ఎండగట్టి, దున్ని, ఎకరానికి రెండున్నర టన్నుల దాకా కాల్చిన సున్నం కలిపి, తడిపి, పీహెచ్ 12 దాటేలా వారం ఉంచాలి. ఈహెచ్‌పీ సిద్ధబీజాలు బురదలో దాక్కుంటాయి. మామూలు మోతాదు సున్నానికీ బ్లీచింగ్‌కీ లొంగవు. సీడ్‌కు పీసీఆర్ (జబ్బు జాడ పట్టే ల్యాబ్ పరీక్ష) నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. పిల్ల శుభ్రంగా ఉంటే సరిపోయిందా, అది పడబోయే మట్టి మాటేమిటి?

నా తీర్పు: వనామీ వదిలేయాల్సిన అవసరం లేదు. ఎకరానికి లక్ష, లక్షా ఇరవై దగ్గర ఆపండి. ఏడాదికి మూడు పంటలు లాగకుండా రెండుతో సరిపెట్టండి. నవంబరు నుంచి జనవరి దాకా చలికి వైట్‌స్పాట్ విజృంభిస్తుంది, అప్పుడు చెరువును ఎండనివ్వండి.

టైగర్ తిరిగొచ్చింది, కానీ అందరికీ కాదు

పాతతరానికి టైగర్ అంటే 1994-95 గుర్తొస్తుంది. నెల్లూరు నుంచి పైకి చెరువుల్ని వైట్‌స్పాట్ ఊడ్చేసింది. అప్పట్లో తల్లి రొయ్యలను సముద్రంలో వలేసి పట్టేవాళ్లు. ఒక్క తల్లి రొయ్య వేల రూపాయలు పలికేది. అది తెచ్చే వైరస్ ఉచితం. ఇప్పుడు హవాయి, మడగాస్కర్ మూలాల నుంచి పెంచిన వ్యాధిరహిత తల్లులతో సీడ్ వస్తోంది కాబట్టి సముద్రంలో తల్లి రొయ్యల మీద ఒత్తిడి తగ్గింది, పిల్లలో వైరస్ భయమూ తగ్గింది.

టైగర్ అడుగును పట్టుకుని బతుకుతుంది. నీటి లోతంతా వాడుకునే వనామీలా గుంపుగా వేస్తే కుదరదు. చదరపు మీటరుకు పది, పదిహేను మించితే మీరు దాని గుణాన్ని పాడు చేస్తున్నట్టే. గట్టి అడుగు, పదికి తగ్గని సాలినిటీ, నాలుగైదు నెలల ఓపిక ఉంటే పెద్ద సైజుకు మంచి ధర వస్తుంది. ఇబ్బంది అమ్మకంలో ఉంది. వనామీ అయితే పట్టుబడి రోజు నలుగురు ఏజెంట్లు ఫోన్ చేస్తారు. టైగర్‌కు కొనేవాడు ముందే ఖాయం అయి ఉండాలి. మీ చుట్టుపక్కల కనీసం ఇద్దరు కొనుగోలుదారులు లేకపోతే సీడ్ బుక్ చేయకండి. బోరు నీటి చెరువుల వాళ్లు ఈ భాగాన్ని మర్చిపోవచ్చు.

పండుగప్ప

సుంకం దెబ్బకు దూరంగా ఉన్న చేప ఇది. కలకత్తా వాళ్లు భేట్కీ అని ఎగబడి తింటారు, మన దగ్గర హోటళ్లు కొంటాయి. అమెరికా ఏమన్నా దీనికి పట్టదు. చెన్నైలోని సీబా (ఉప్పునీటి ఆక్వాకల్చర్ కేంద్ర పరిశోధన సంస్థ) 1997లోనే దీన్ని హేచరీలో పుట్టించింది. నాగాయలంక వైపు పెంచుతున్నవాళ్లు ఏళ్లుగా ఉన్నారు.

దీని పెద్ద జబ్బు దాని నోరే. తనకంటే చిన్నదాన్ని మింగేస్తుంది. అంగుళం పిల్లను తెచ్చి నేరుగా చెరువులో వదిలితే నెలకు సగం మాయం. హాపాల్లో (నీటిలో కట్టే వల గదుల్లో) పెంచుతూ వారానికోసారి సైజుల వారీగా వేరు చేసి, మూడు నాలుగు అంగుళాలయ్యాక చెరువులోకి దింపాలి. ఓపిక లేనివాళ్లు ఖరీదెక్కువైనా పెంచిన పిల్లనే కొనుక్కోవడం మేలు. కిలో చేప కావడానికి ఏడాది దగ్గర దగ్గర పడుతుంది. అంటే ఆ ఏడాది ఇంటి ఖర్చు వేరే చోట నుంచి రావాలి.

మేత దగ్గర అసలు మెలిక ఉంది. చిల్లర చేప వేసి పెంచితే కిలో పండుగప్పకు నాలుగైదు కిలోలు పడుతుంది. ఆ చిల్లర ఎక్కడిది? మరబోట్ల వలల్లో పడ్డ పిల్ల చేపలు అందులో చాలా. రేపు సముద్రంలో పెద్దవై మత్స్యకారుడికి అన్నం పెట్టాల్సినవి ఇవాళ మన చెరువుకు మేత అవుతున్నాయి. ఆ సంగతి పక్కన పెట్టినా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. సరిగ్గా చేప బాగా తినే వేసవిలో చిల్లర దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. అందుకే మొదటి రోజు నుంచే పెల్లెట్ మేతకు అలవాటు పడిన పిల్లను అడిగి తెచ్చుకోండి. తర్వాత మారుద్దాంలే అనుకుంటే అది మారదు.

నాలుగెకరాల్లో ఒక ఎకరం దీనికి ఇచ్చి, మిగతాది రొయ్యకు ఉంచుకోవడం నాకు నచ్చిన పద్ధతి. రొయ్య పోయిన ఏడాది ఇది ఇల్లు నడుపుతుంది. వైట్‌స్పాట్, ఈహెచ్‌పీ రొయ్య జబ్బులు, దీన్ని ఏమీ చేయవు కాబట్టి ఈహెచ్‌పీ పట్టిన చెరువుకు ఒక ఏడాది విరామం ఇవ్వడానికి కూడా పనికొస్తుంది.

పీత

మండ పీతకు సింగపూర్, చైనాల్లో ప్రాణంతో ఉన్నదానికే గిరాకీ. రెండు రకాలుగా చేస్తారు. పిల్ల నుంచి పెంచడానికి ఏడెనిమిది నెలలు, చుట్టూ జారుడు షీట్ కంచె, ఒకదాన్నొకటి తినే బెడద. రెండోది, గుల్ల విడిచి లోపల కండ లేకుండా నీరు పట్టిన పీతను చవగ్గా కొని మూడు నాలుగు వారాలు మేపి గట్టిపడ్డాక అమ్మడం. పెట్టుబడి త్వరగా తిరగాలనుకునే వాళ్లకు, ముఖ్యంగా క్రీకుల పక్కన ఉండే మత్స్యకార కుటుంబాలకు, రెండోదే నయం. ఎకరాలు కూడా అక్కర్లేదు.

పిల్ల పీతలను కోరింగ మడ అడవుల చుట్టూ ఏరి తెచ్చి అమ్మేవాళ్లు ఉన్నారు. అందరూ ఏరితే మడలో మిగిలేదేమిటి? తమిళనాడు శీర్కాళి దగ్గర ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) వాళ్ల రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం హేచరీలో పీత పిల్లలను తీస్తోంది. తెప్పించుకోవడం కొంచెం కష్టమే. అయినా పెంపకం అనుకుంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

శీలావతి, బొచ్చె గురించి ఎక్కువ చెప్పను. సాలినిటీ రెండు మూడు దాటని చెరువులకు కైకలూరు, ఆకివీడు రైతులు దశాబ్దాలుగా చేస్తున్నదే. మార్జిన్ తక్కువ, నిద్ర ఎక్కువ. శీలావతితో పాటు ఎకరానికి కొద్దిపాటి వనామీ వేసుకునేవాళ్లు బాగానే లాగుతున్నారు.

పరికరాలు: ఏది కొనాలి, ఏది ఆగాలి

ముందు కొనాల్సింది డీఓ మీటర్, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను లీటరుకు మిల్లీగ్రాముల్లో కొలిచేది. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పోతుంది. నాలుగు కిందికి దిగితే ఏరేటర్లు పెంచాలి, మూడు దాటి కిందికి పోతే రొయ్య దెబ్బతింటోందని అర్థం. అంచనాతో ఏరేటర్లు వేసేవాడు కొన్ని రాత్రులు అనవసరంగా కరెంటు కాలుస్తాడు, ఒక రాత్రి పంట పోగొట్టుకుంటాడు.

ఆటో ఫీడర్ రెండో వరస. రొయ్య తినే చప్పుడు విని మేత వదిలే ఖరీదైన యంత్రాలు ఈక్వెడార్‌లోని పెద్ద పెద్ద చెరువులకు సరే. మన ఎకరం చెరువుకు టైమర్ పెట్టిన సాదాది చాలు. మేత కొద్ది కొద్దిగా ఎక్కువసార్లు పడితే కిలోకు వంద గ్రాములు ఆదా అయినా ఎకరానికి 190 కిలోల మేత మిగులుతుంది. అయితే చెక్ ట్రే చూడటం మానేస్తే ఈ ఫీడరే మీ అడుగును పాడు చేస్తుంది.

షీట్ వేసిన చిన్న ట్యాంకులో పిల్లలను మూడు వారాలు పెంచి చెరువులోకి వదిలే నర్సరీ పద్ధతికి నా ఓటు. చెరువులో రోజులు తగ్గుతాయి, చలికాలం తప్పించుకోవచ్చు. ముగ్గురు నలుగురు కలిసి ఒకటి పెట్టుకున్నా సరిపోతుంది.

బయోఫ్లాక్ గురించి వీడియోలు చూసి అడిగేవాళ్లకు చెప్పేది ఒకటే. బెల్లం వేసి బ్యాక్టీరియాను పెంచి వ్యర్థాన్నే మేతగా మార్చడం శాస్త్రంగా నిజం. కానీ గాలి ఒక్క గంట ఆగినా ఆ బ్యాక్టీరియానే మొత్తం ఆక్సిజన్ తాగేస్తుంది. తుపాను తీరంలో, మన కరెంటుతో, చిన్న రైతుకు ఇది వద్దు. అదే నీటిని శుద్ధి చేసి మళ్లీ మళ్లీ తిప్పే ఆర్‌ఏఎస్ కూడా అంతే.

సముద్రంలో పంజరాల సాగును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ 2007లో విశాఖలోనే మొదలుపెట్టింది. చందువ పార లాంటి చేపలకు టెక్నాలజీ ఉంది. అయితే మనది అఖాతాలు లేని బట్టబయలు తీరం. 2014లో హుద్‌హుద్, 2023లో మిగ్‌జాం, 2025 అక్టోబరులో మొంథా చూశాక ఒంటరిగా దిగమని ఎవరికీ చెప్పలేను. మత్స్యకార సంఘంగా, బీమాతో అయితే ఆలోచించండి. సముద్రపు నాచుకు తేటనీరు, స్థిరమైన ఉప్పదనం కావాలి. రామనాథపురంలో పండింది కదా అని గోదావరి మొగలో కడితే మొదటి వరదకే కరిగిపోతుంది.

లీజు కాగితం

ఎవరూ మాట్లాడని అసలు విషయం ఇది. తీరంలో చాలా చెరువులు కౌలు మీదే నడుస్తున్నాయి. ఏడాది లీజు తీసుకున్నవాడు వచ్చే ఏడాది ఎవరు చేస్తారో తెలియని మట్టికి రెండున్నర టన్నుల సున్నం ఎందుకు వేస్తాడు? ముప్పావు ఎకరం రిజర్వాయర్‌కు ఎందుకు వదులుతాడు? లీజు డబ్బు రాబట్టడానికి పిల్లలను కుక్కుతాడు, అంతే. కాబట్టి జాతి కన్నా ముందు గడువు మార్చుకోండి. మూడేళ్లకు తగ్గకుండా రాయించుకోండి. ఎండగట్టే నెలలకు, రిజర్వాయర్ స్థలానికి లీజులో తగ్గింపు అడగండి. చెరువు బాగుండటం యజమానికీ అవసరమే, నిదానంగా చెబితే వింటారు. ఒప్పుకోకపోతే ఆ చెరువులో పండుగప్ప, పీత పెంపకం లాంటి ఏడాది పంటల జోలికి పోకండి. పల్చగా వనామీ వేసి, అరవై డెబ్బై రోజులకు కొంత పట్టేసి పెట్టుబడి వెనక్కి తీసుకుని, మిగతాది పెంచుకోండి.

సొంత చెరువు, క్రీకు నీరు, గట్టి అడుగు ఉన్నవాళ్లు ఒక ఎకరంలో టైగర్ చూడొచ్చు. సొంత చెరువే కానీ రెండుసార్లు ఈహెచ్‌పీ తగిలి ఉంటే ఈ ఏడాది పండుగప్ప. బోరు నీళ్లయితే శీలావతితో వనామీ. ఎకరం కూడా లేని క్రీకు పక్కవాళ్లకు పీత మేపడం.

ఏది తేల్చుకున్నా సీడ్ అడ్వాన్స్ ఇచ్చే ముందు రిజిస్ట్రేషన్ చూసుకోండి. సముద్రం, క్రీకు, ఉప్పుటేరు పోటు గీత నుంచి రెండు కిలోమీటర్ల లోపు అయితే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీది, ఆవల ఉంటే రాష్ట్రంలో 2020 చట్టం కింద వచ్చిన అప్సడా (రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ) లైసెన్స్. కరెంటు రాయితీకీ, సబ్సిడీకీ అడిగే మొదటి కాగితం అదే. మత్స్య సంపద యోజనలో సబ్సిడీ జనరల్ వాళ్లకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. అయితే డబ్బు పని పూర్తయ్యాక వస్తుంది, ముందు పెట్టాల్సింది మీరే. ఆ వచ్చే డబ్బును లెక్కలోకి తీసుకుని వడ్డీకి తెచ్చారంటే, బిల్లు ఆలస్యమైన నెలలన్నీ వడ్డీ మీ రొయ్య మీదే పడుతుంది.